కోరింగ మడ అడవి: టికెట్ కన్నా ముందు తిథి చూసుకోండి

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి చూసొచ్చిన వాళ్లలో కొందరు "బురద, చెక్కల వంతెన, ఉక్కపోత, అంతే" అంటారు. ఇంకొందరు మళ్లీ ఎప్పుడు వెళ్దామా అని ఎదురుచూస్తుంటారు. రెండూ నిజమే. కొన్నది ఒకే టికెట్, నడిచింది ఒకే బాట. వాళ్లు వెళ్లిన పూట కాలవలో నీళ్లు ఎక్కడున్నాయన్న దగ్గరే తేడా వచ్చింది. ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవికి పగలూ రాత్రీ కన్నా పోటూ (నీరు ఎక్కడం) పాటూ (నీరు దిగడం) ముఖ్యం. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం నీళ్ల గురించే ఉంటుంది.

మొదట తీర్పు చెప్పేస్తే మంచిది. మడ చెట్లను, బురదలో బతికే జీవాలను, నీటి పక్షులను దగ్గరగా చూసే చోటుగా కోరింగకు ఐదుకు నాలుగున్నర. పిక్కలు పట్టేసేలా నడవాలని వచ్చే ట్రెక్కర్లకు మాత్రం రెండే. బాట చిన్నది, కొండ లేదు, ఎక్కడం దిగడం లేదు. నడకే కావాలనుకుంటే విశాఖపట్నం అంచున కంబాలకొండ ఉంది. అది దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కొండ అడవి, చిరుతలు తిరిగే చోటు. రెండు రోజులు చేతిలో ఉంటే ఒక రోజు అక్కడ నడిచి, రెండో రోజు కోరింగలో నిలబడండి. నిలబడండి అన్నది కావాలనే. ఇక్కడ ఎంత తక్కువ నడిస్తే అంత ఎక్కువ కనిపిస్తుంది.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక, కాకినాడ నుంచి 15–18 కిలోమీటర్ల దూరంలో పర్యాటక కేంద్రం గేటు వస్తుంది. యానాం వైపు పోయే బస్సులు, ఆటోలు ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి రైల్లో వచ్చేవాళ్లు కాకినాడ టౌన్‌లో దిగొచ్చు. మెయిన్ లైన్ బళ్లలో వస్తే సామర్లకోటలో దిగి రోడ్డు పట్టుకోవాలి. పొద్దున్నే చేరాలంటే ముందు రాత్రి కాకినాడలోనే పడుకోవడం నయం.

అభయారణ్యంగా ప్రకటించింది 1978లో. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు పాయలు సముద్రంలో కలిసే మేర అంతా మడే. మన దేశంలో సుందర్‌బన్స్ తర్వాత చెప్పుకునే పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. సందర్శకుడికి తెరిచి ఉండేది అందులో గోరంత మూల: చెక్కల బాట, కాలవ ఒడ్డు, పడవ తిరిగే దారి. ఈ సంగతి తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

ఇక నీళ్ల లెక్క. కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ తొమ్మిదింటికి నిండితే రేపు నిండేది ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా. పున్నమికి, అమావాస్యకి పోటు పెద్దది, పాటు లోతైనది. తేడా మీటరు దాటుతుంది. అష్టమి దగ్గర రెండూ మెత్తబడతాయి, నీరు అందులో సగమైనా కదలదు. చేపల వేటకెళ్లే వాళ్లకు ఇది పంచాంగం చూడకుండానే తెలుసు. బయటివాళ్లం చూసుకుని వెళ్లాలి.

ఈ తీరంలో పున్నమి, అమావాస్య రోజుల్లో పెద్ద పోటు సుమారుగా ఉదయం ఎనిమిది, పది మధ్య వస్తుంది. దాని నుంచి లెక్క వేస్తే మంచి రోజులు బయటపడతాయి. ఏకాదశి నుంచి త్రయోదశి దాకా, ఏ పక్షమైనా సరే, పోటు తెల్లారుజామునో పొద్దున్నో అయిపోయి నీరు దిగుతూ ఉంటుంది. పాటు అడుగంటేది మధ్యాహ్నం పన్నెండుకు కాస్త అటూఇటూ. గేటు తెరిచే తొమ్మిది ప్రాంతంలో పడవకు ఇంకా సరిపడా నీళ్లుంటాయి, పది దాటేసరికి బురద గట్లు తేలడం మొదలవుతుంది. అంటే ముందు పడవ, తర్వాత బాట. కోరింగకు ఇంతకంటే మంచి పూట లేదు. విదియ నుంచి చవితి వరకు దీనికి పూర్తిగా తలకిందులు: పదకొండు, పన్నెండు ప్రాంతంలో నీళ్లు చెట్ల వేళ్ల మీదికొచ్చి నిలబడతాయి. పడవకు హాయి, బాట మీద నుంచి చూస్తే మాత్రం ఆకులూ నీళ్లే. "ఏమీ లేదు" అని తిరిగొచ్చే వాళ్లలో ఎక్కువ మంది ఇలాంటి పూటే వెళ్లి ఉంటారు. అష్టమికి పొద్దున పాటే ఉంటుంది, కానీ నీరు పెద్దగా దిగదు. సన్నటి బురద అంచు మాత్రం కనిపిస్తుంది.

ఇది చేతి లెక్క. బయలుదేరే ముందు కాకినాడ పేరిట ఉండే ఆటుపోట్ల పట్టికను ఫోన్లో చూసుకోవాలి. ఆ పట్టిక రేవు దగ్గరి సమయం చెప్తుంది. సముద్రం నుంచి పాయల వెంట లోపలికి రావడానికి నీటికి ఇంకొంత సేపు పడుతుంది కాబట్టి ఆ సమయం కన్నా కొంచెం ఆలస్యంగా లెక్క వేసుకోవాలి. వరద రోజుల్లో, ఈదురుగాలి బలంగా వీచే రోజుల్లో ఏ పట్టికా సరిగ్గా పనిచెయ్యదు.

చెక్కల బాట మొదట్లోనే ఆగిపోండి. జనం ఇక్కడే ఫోటోలు దిగి, గబగబా చివరి దాకా పోయి, కాలవ చూసి, వెనక్కొచ్చేస్తారు. అలా అయితే అరగంటలో పని అయిపోతుంది. కనీసం రెండు గంటలు పెట్టుకోండి. బాట చెక్కలతో వేసింది. పది మంది నడుస్తుంటే ఆ అదురు స్తంభాల గుండా బురదలోకి దిగుతుంది. పీతలకు అది చాలు, ఒక్కసారిగా అన్నీ కలుగుల్లో దూరిపోతాయి. కదలకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు నిలబడితే ముందు కళ్లు పైకి తేలతాయి, తర్వాత డెక్క, తర్వాత మొత్తం పీత. మొదటి నిమిషంలో ఖాళీ బురదలా కనిపించిన చోటే ఐదో నిమిషానికి పదుల కొద్దీ జీవాలు కదులుతుంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు దీన్ని పందెంగా పెట్టొచ్చు: ఎవరు కదలకుండా ఎక్కువ సేపు ఉంటే వాళ్లకు ఎక్కువ పీతలు.

ఒక డెక్క చిన్నది, ఒకటి ఒళ్లంత పెద్దది ఉన్నవి ఫిడ్లర్ పీతలు, వాటిలో మగవి. పెద్ద డెక్క తిండికి పనికిరాదు. ఆడదాన్ని పిలవడానికి, పక్క మగదాన్ని బెదిరించడానికి ఊపుతుంటాయి. ఆడవాటికి రెండు డెక్కలూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటాయి. కలుగు చుట్టూ ఆవగింజల్లా పడి ఉండే బురద ఉండలు వాటి ఎంగిలి. బురదను నోట్లో పెట్టుకుని అందులోని నాచు, సూక్ష్మజీవుల్ని జల్లించుకుని మిగిలింది ఉండగా చుట్టి పారేస్తాయి. ఉండలు తాజాగా, తడిగా ఉంటే పీత ఆ పక్కనే ఉన్నట్టు.

బురద మీద పాకుతూ, ఉండుండి గెంతుతూ కనిపించేది మడ్‌స్కిప్పర్ చేప. తల మీద కప్ప కళ్లు, ముందు రెక్కలే చేతులు. మొప్పల గదుల్లో నీళ్లు పట్టి ఉంచుకుని, తడి చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. అందుకే తరచూ పక్కకు దొర్లి ఒళ్లు తడుపుకుంటుంది. వీపు రెక్క విసనకర్రలా విప్పి పైకి ఎగిరితే అది మగది, జత కోసమో చోటు కోసమో. వీటిని ఫోటో తీయాలంటే నడుం వంచి, వీలైతే బాట మీద కూర్చుని తీయాలి. నిలబడి కిందికి తీసిన ఫోటోలో బురద తప్ప ఏమీ రాదు.

చెట్ల దగ్గరికొస్తే, పేర్లు గుర్తుపట్టడానికి ఆకుల కన్నా వేళ్లు సులువు. నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ పైకి లేచి ఉంటే అది మడ: తెల్లమడ లేదా నల్లమడ. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేరు ఊపిరి కోసం పైకి వస్తుంది. మాను నుంచి విల్లుల్లా వంగి నేలలోకి దిగిన కాళ్లుంటే ఉప్పుపొన్న. తెల్లమడ ఆకు అడుగు భాగం వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది. వేళ్ల దగ్గర వడకట్టగా మిగిలిన ఉప్పును ఆ చెట్టు ఆకు గుండా బయటికి నెట్టేస్తుంది. ఎండ పూట ఆ ఉప్పు పలుకులు కంటికే కనిపిస్తాయి. ఉప్పుపొన్న పద్ధతి వేరు: చాలా ఉప్పును వేరు దగ్గరే ఆపేస్తుంది. దాని విత్తనం చెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి ములక్కాడలా వేలాడుతుంది. రాలితే బురదలో నిటారుగా దిగబడొచ్చు, లేదా తేలుతూ పోయి ఇంకో ఒడ్డున నాటుకోవచ్చు.

తాకకూడని చెట్టు ఒకటుంది: తిల్ల. ఆకు గానీ రెమ్మ గానీ తుంచితే తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటి మీద పడితే బొబ్బలు, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆకు రాలే ముందు ఎర్రబడి అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలు తుంచాలని చూస్తారు. పొరపాటున పాలు తగిలితే రుద్దకుండా మంచినీళ్లతో ఎక్కువ సేపు కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే కాకినాడ ఆసుపత్రికి బయలుదేరాలి, సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. ఈ అడవిలో సందర్శకుడు నిజంగా భయపడాల్సింది జంతువులకు కాదు, తిల్లకూ జారే చెక్కలకూ.

వాచ్ టవర్ తెరిచి ఉంటే ఎక్కండి. కింద ఉన్నంతసేపూ గోడలా కనిపించిన అడవి, పైనుంచి చూస్తే ఆకుపచ్చలో నాలుగైదు రంగులుగా విడిపోతుంది. కాలవ అంచున ఒక రకం చెట్లు, లోపల ఇంకో రకం వరసలు కట్టి ఉంటాయి. నీరు రోజూ ఎంతసేపు నిలుస్తుందో, ఉప్పు ఎంత పేరుకుంటుందో దాన్నిబట్టి ఆ వరసలు. మరమ్మతులున్నప్పుడు టవర్ గానీ బాటలో ఒక ముక్క గానీ మూసి ఉండొచ్చు. తుపాను తర్వాతి వారాల్లో వెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి.

పడవ విషయం. బాట చివరి రేవు నుంచి పాయ వెంట తిప్పుతారు. నీళ్లను బట్టి మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) వైపు, పాత లైట్‌హౌస్ వైపు వెళ్లే దూర ప్రయాణం కూడా ఉంటుంది. ధర మనిషి లెక్కనో పడవ మొత్తానికో కట్టాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి గేటు దగ్గర అడిగి, ఎంతసేపు, ఎక్కడి దాకా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. ఇద్దరు ముగ్గురు వెళ్తే జనం నిండే దాకా ఆగాల్సి రావచ్చు. అయిదారుగురు కలిసి మొత్తం పడవ మాట్లాడుకుంటే పక్షులు చూడటానికి అదే మేలు, ఎందుకంటే అప్పుడు సరంగును ఆపమని అడగొచ్చు. "ఇంజిను కట్టేసి కాసేపు తేలనివ్వండి బాబాయ్" అని మర్యాదగా అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఇంజిను ఆగిన రెండు నిమిషాల్లో కాలవ ఒడ్డున లకుముకి పిట్టలు మళ్లీ కొమ్మ మీదికి వస్తాయి. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకునే ఎక్కండి. ఫోటో కోసం అందరూ ఒకే వైపు లేవకండి. పాటు బాగా దిగిన వేళ పడవ అడుగు బురదకు తగులుతుంది. అప్పుడు దూరం తగ్గించి తిప్పుకొస్తే సరంగును తప్పు పట్టకండి, అది నీళ్ల సంగతి.

పడవ మీద నుంచి ఒకటి గమనించండి. పాయలన్నీ వంకరలు తిరుగుతూ ఉంటాయి. వాటి మధ్య గీత గీసినట్టు తిన్నగా ఉన్న సన్న కాలవ కనిపిస్తే అది మనుషులు తవ్వింది. ఒకప్పుడు చెట్లు నరికిన చోట నేల ఎండి, కుంగి, పళ్లెంలా అయింది. పోటుకు వచ్చిన నీరు అందులో చిక్కుకుని ఆవిరై ఉప్పు మిగిలింది. ఆ ఉప్పులో మొక్క బతకలేదు. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా వాలుగా చిన్నవి. పోటు లోపలికి వచ్చి, పాటుతో తిరిగి పోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు నాటిన మొక్కలు నిలిచాయి. మొక్క కన్నా ముందు నీటికి దారి ఇచ్చిన పని అది. నాటిన ఫోటోలతో సరిపెట్టే అడవుల పెంపకం చూసి విసిగినవాళ్లకు ఈ తిన్నటి కాలవలు చూస్తే ప్రాణం లేచొస్తుంది.

చేపలు పట్టే బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) కోసమే వచ్చేవాళ్లకు ముందే చెప్పాలి: కనిపించదు. 2018 నాటి లెక్కింపులో ఈ అభయారణ్యంలో 115 దాకా ఉంటాయని అంచనా వేశారు, అది చాలా మంచి సంఖ్య. కానీ అది రాత్రి వేటాడే జంతువు, గేటు సాయంత్రం అయిదు ప్రాంతంలో మూసేస్తారు. కనిపించేది దాని అడుగు. పాటు వేళ కాలవ వాలు మీద తాజా బురదలో చూడండి. నాలుగు వేళ్లు, గుండ్రటి ముద్ర, అరికాలి మెత్త వెనక అంచు మూడు బుడిపెలుగా ఉంటే పిల్లి జాతి. మామూలుగా పిల్లి అడుగులో గోళ్లు పడవు, అయితే బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి బురదలో గోటి గుచ్చు కనిపించొచ్చు. అందుకని గోరు చూసి నక్క అని తేల్చెయ్యకండి. నక్క అడుగు కోలగా, ముందుకు సాగి ఉంటుంది. అయిదు వేళ్లు, మధ్యలో పొర ఆనవాలు ఉంటే నీటికుక్క.

నీటికుక్కలు మాత్రం పగలే తిరుగుతాయి. గుంపుగా, కుటుంబంతో. పాటు నీటిలో చేప ఇరుకు కాలవల్లో చిక్కే వేళ వాటికి విందు. నీటి మీద నాలుగైదు తలలు వరసగా తేలి మునుగుతుంటే, లేదా ఒడ్డున జారుడుబల్లలా నున్నగా తడిసిన బురద దారి ఉంటే అక్కడ ఆగాలి. ఈల లాంటి కీచు అరుపు ముందు వినిపిస్తుంది. మాట్లాడుకుంటూ వెళ్తే ఆ అరుపు పోయినట్టే.

పక్షులకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. తెల్లగొంతు లకుముకి, నీటి మీద గాలిలో నిలబడి నిట్టనిలువుగా దూకే నలుపుతెలుపు లకుముకి ఏడాదంతా ఉంటాయి. నల్లటోపీ, ఊదారంగు వీపు, ఎర్రటి ముక్కు ఉన్న లకుముకి చలికాలంలో మడ కాలవల దగ్గర దొరికే అసలైన బహుమతి. తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లు ఇటుక రంగులో తిరిగేది గరుడ గద్ద. నత్తగుల్ల కొంగలు, రకరకాల తెల్ల కొంగలు, గుట్టుగా వేరు మీద ముడుచుకు కూర్చునే చిన్న ఆకుపచ్చ కొంగ మామూలే. ఉల్లంకి జాతి వలస పక్షుల గుంపులు కావాలంటే మాత్రం ఈ బాట చాలదు. అవి అడవిలోకి రావు, తెరిపి మేటల మీద ఉంటాయి. కాకినాడ తీరాన కుంభాభిషేకం దగ్గరి బురద మేటలు వాటికి పేరుపడ్డ చోటు. చలికాలంలో గ్రేట్ నాట్, కింది ముక్కు పొడుగ్గా ఉండే ఇండియన్ స్కిమ్మర్ అక్కడ చూసే అవకాశం ఉంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. పాటు అడుగంటినప్పుడు పక్షులు మైలు దూరంలో చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతూ మేట కుంచించుకుపోతుంటే అవే ఒడ్డు వైపు జరుగుతాయి. అందుకని నీళ్లు పెరిగే రెండు గంటలు పట్టుకోండి, స్పాటింగ్ స్కోప్ ఉంటే తీసుకెళ్లండి. గుంపును లేపి ఎగిరే ఫోటో తీయడం దయచేసి మానండి. సైబీరియా దాకా తిరిగి వెళ్లాల్సిన పక్షి అది, ఒంట్లో ప్రతి గ్రాము కొవ్వూ దానికి దారిబత్తెం.

హోప్ ఐలాండ్‌ను చాలామంది దీనితో కలిపి అడుగుతారు. అది కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా సాగిన ఇసుక దిబ్బ. దానికి పడవ కాకినాడ రేవు వైపు నుంచి, కోరింగ బాట దగ్గర నుంచి కాదు. అన్ని రోజులూ నడవదు, ముందే కనుక్కోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ కాలంలో ఇసుక మీద కర్రలు గుచ్చడం, రాత్రి టార్చి వేయడం చెయ్యకూడదు.

వెంట ఏం పెట్టుకోవాలి? మనిషికి రెండు లీటర్ల నీళ్లు. చెట్ల మధ్య గాలి ఆడదు, డిసెంబర్‌లో కూడా చెమట కారుతుంది. పొడుగు చేతుల చొక్కా, మట్టి రంగో ఆకు రంగో. తెలుపు, ఎరుపు వద్దు. దోమల మందు మూడు దాటాక తప్పనిసరి, కానీ చేతులకు రాసుకున్నాక బైనాక్యులర్ రబ్బరు పట్టుకోకండి, డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను, కొన్ని రకాల రబ్బరును పాడుచేస్తుంది. బైనాక్యులర్ 8×42 సరిగ్గా సరిపోతుంది. పడవ అదురులో 10 రెట్లది వణుకుతుంది. కెమెరాకు 300 ఎం.ఎం. పైన లెన్స్ కావాలి. ముదురు ఆకుల ముందు తెల్ల కొంగను తీసేటప్పుడు కెమెరాలో వెలుతురు (ఎక్స్‌పోజర్) ఒక స్టాపులో మూడింట రెండు వంతుల దాకా తగ్గించకపోతే ఈకలు తెల్ల మచ్చగా మిగులుతాయి. ఉప్పు గాలి కాబట్టి రాత్రికి లెన్సూ కళ్లద్దాలూ తడి గుడ్డతో తుడవాలి. బూట్లకు అడుగున గాట్లు ఉండాలి. పెద్ద పోటు తాకిన చెక్క మీద, వాన తర్వాత, కంటికి కనిపించని నాచు పొర ఉంటుంది. నున్నటి అడుగున్న చెప్పులతో వచ్చిన వాళ్లే జారేది. ఫోనుకు మెడతాడు కట్టుకోండి. చెక్కల సందులోంచి పడిన ఫోను మోకాలి లోతు బురదలోకి పోతుంది. దిగి తీద్దామంటే చెట్ల వేళ్లు అరికాలిలో గుచ్చుకుంటాయి, కాలు పైకి రాదు.

లోపాలు కూడా ఉన్నాయి. పక్షులకు మంచి వేళ తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది, గేటు అప్పటికి తెరవదు. ఆ రెండు గంటలు యానాం రోడ్డు పక్కన ఉప్పు మళ్లు, చెరువుల దగ్గర ఆగి చూసి తొమ్మిదికి గేటు దగ్గరికి రావడమే మార్గం. ఆదివారాలు, సంక్రాంతి, కార్తీక మాసపు వనభోజనాల రోజులు జనంతో, పాటలతో నిండిపోతాయి. ఆ రోజుల్లో జంతువుల ఆశ వదులుకోవాలి. మంగళ, బుధ, గురువారాలు ప్రశాంతం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క పోటీ పడతాయి, పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం హెచ్చరిక ఉంటే పడవలు ఆపేస్తారు, టికెట్ బుక్ చేసుకునే ముందు వాతావరణం చూడండి. నీటిలోకి చిప్స్ కవరు జారితే అది పాటుతో సముద్రానికి, పోటుతో మళ్లీ మడ వేళ్లకూ తిరుగుతూనే ఉంటుంది. ఊపిరి వేళ్ల మీద పరుచుకున్న ప్లాస్టిక్ ఆ చెట్టుకు ముక్కు మూసినట్టే. తిండి గేటు బయటే ముగించి రండి. మధ్యాహ్నం కాకినాడకో యానానికో వెళ్లి తినొచ్చు. కోటయ్య కాజా కొనుక్కుంటే అది బండిలోనే ఉంచండి.

రోడ్డు పక్క కోరింగ అనే ఈ నిశ్శబ్దపు ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి పొట్టచేత పట్టుకుని రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1789లో, 1839లో వచ్చిన తుపాన్లు ఈ రేవును చావుదెబ్బ కొట్టాయి. పడవ మొగ వైపు తిరిగినప్పుడు, ఓడలు ఆగిన చోట ఇప్పుడు మేటలు వేసిన బురదను, దాన్ని పట్టుకుని లేచిన లేత మడ మొక్కలను చూడొచ్చు.

పుష్య బహుళ అమావాస్య నాడు వెళ్లాలనుకుంటే ఆగండి. అది చొల్లంగి అమావాస్య. సప్తసాగర యాత్ర మొదలుపెట్టే వాళ్లు, సముద్ర స్నానానికి వచ్చే వాళ్లు తెల్లవారుజాము నుంచే యానాం రోడ్డంతా నిండి ఉంటారు, బండి కదలదు. అంతకు రెండు నుంచి నాలుగు రోజుల ముందు, అంటే ఏకాదశి నుంచి త్రయోదశి దాకా, చలికాలపు పక్షులన్నీ ఉంటాయి, పొద్దున నీరు దిగుతూ ఉంటుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలిగితే ఆ మూడు రోజుల్లో ఒకటి ఎంచుకోండి.